మూడు నెలల తెల్లకన్ను

డేవిడ్‌రాజు నన్ను రెండు లైన్లు రాసియ్యమన్నాడు. "తాగినాను, తప్పయింది" అని రెండే లైన్లు, కింద యేలిముద్ర. అది ఇస్తే మళ్ళీ ప్రభువు బల్ల కాడికి రానిస్తారంట, రొట్టె ముట్టనిస్తారంట. డేవిడ్‌రాజు మా చర్చి సంఘానికి సెక్రటరీ. ముప్పై ఏళ్ళు బళ్ళో పిలకాయలకి గుంజీలు తీయించి రిటైరైనాడు. ఇప్పుడు పిలకాయలు దొరక్క మా మీద పడినాడు.

రాసిస్తా. కాకపోతే రెండు లైన్లలో అయ్యేది కాదు. నాకు సదువు రాదు గాబట్టి మనవరాలు కృపారాణి రాస్తా ఉండాది. దీన్ని శనివారం కూటంలో మొదటినుంచి కడదాకా సదవాల. నడిమధ్యలో ఆపితే నేనే లేసి నోటితో చెప్తా. నేను ఎంత నిదానంగా మాట్లాడతానో మీ అందరికీ తెలుసు. తెల్లారిపోతాది. ఆలోచించుకోండి.

నా పేరు వరప్రసాదం. ఉదయగిరి చుట్టుపక్కల బావులకి లోపల రాతికట్టు కట్టేది నా పని. మీలో సగంమంది తాగే నీళ్ళు నేను కట్టిన బావిలోయే. సంఘంలో కూడా నాకొక పనుండాది. బాప్తిస్మాలప్పుడు అందరికంటే ముందు నీళ్ళలో దిగేది నేను. సంగం ఊరి కాడ పెన్నలో ఇసక ఒక యేడు ఉన్నట్టు ఇంకో యేడు ఉండదు. కాళ్ళతో తడిమి, కర్రతో పొడిచి, రొమ్ములోతు గట్టినేల యాడుండాదో చూసి "ఈడ నిలబడండి అయ్యగారూ" అని పాస్టరుకి చెప్తా. ఆ తర్వాత ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకొని ఆయన కాడికి నడిపిస్తా. ఇరవై రెండేళ్ళలో ఒక్కరు కూడా గుంతలో పడలా.

నా ఒంటికి జబ్బుండాది. అది కూడా దాయాల్సిన పనిలేదు, మీరే ఊరంతా చెప్పి పెట్టినారు. ముప్పై ఏళ్ళ కిందట మోచేతుల కాడ మొదలైంది. ఎర్రంగా లేసి పైన తెల్లంగా పొలుసు కట్టేది. గోకితే చేపని గీకినట్టు రాలేది. రాళ్ళ పనిలో సున్నం పడలేదేమోలే అనుకున్నా. తర్వాత మోకాళ్ళు, తర్వాత తలకాయ. రోహిణి ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా యేసుకొని తిరిగినా. "ఏం వరప్రసాదం, పెళ్ళికి పోతా ఉండావా?" అని పళ్ళికిలించిన ప్రతివోడి మొహం నాకు గుర్తుండాది.

ఐదేళ్ళ కిందట ఎడమకన్ను ఎర్రబడింది. పుసి లేదు, నీళ్ళు కారతాయి, ఎముకలో నుంచి నొప్పి, వెలుతురు చూస్తే సూది పెట్టి గుచ్చినట్టు. కళ్ళకలక అన్నారు. ఒకామె చనుబాలు పొయ్యమనింది. ఒకాయన ఆముదం పొయ్యమన్నాడు. సూదిమందు యేసే ఆయన సూదే యేసినాడు, ఆయనకి అదొకటే తెలుసు. నెల దాటినాక నొప్పి తగ్గింది గానీ, లోపల నల్లగుడ్డు వంకర తిరిగి అట్టే అంటుకుపోయింది. ఆ కంటితో చూస్తే అన్నం కుండ ఆవిరిలో నుంచి చూసినట్టు ఉంటాది. సరేలే, ఇంకోటుండాది గదా అనుకున్నా.

పోయినేడు ఎండాకాలం ఆ ఇంకోటి కూడా ఎర్రబడింది.

నా ఆడమనిషి రెబెకమ్మ మూట కట్టింది. "ఒకదాన్ని చనుబాలకీ ఆముదానికీ అప్పజెప్పినావు. ఇది కూడా పోతే నిన్ను చెయ్యి పట్టుకొని తిప్పేదానికి నేను ఖాళీగా లేను. లెయ్" అనింది. ఆత్మకూరు బస్సెక్కినాం. తలకాయ మీద తువ్వాలు కప్పుకొని, దారంతా కన్ను తెరవలా.

ఆడ కంటి డాక్టరమ్మ అనురాధ. మిషను మీద గడ్డం ఆనించమనింది. లైటు యేసి చూసింది. చూసి, "తాతా, చొక్కా చేతులు పైకి మడువు" అనింది.

"నేను కంటికి వచ్చినానమ్మా."

"తెలుసు. మడువు."

మడిచినా. ఆమె మోచెయ్యి పట్టుకొని చూసింది. పట్టుకొని, అంటే యేళ్ళతో పట్టుకొని. మా సంఘంలో నాకు చెయ్యి కలిపే మగోళ్ళే అయిదారుమంది, ఆమెకేమో భయం లేదు.

"ఇదీ, నీ కన్నూ ఒకటే జబ్బు తాతా. చర్మం మీద చేసే రచ్చే కొంతమందికి కంటి లోపల కూడా చేస్తాది. అంటుకునేది కాదు. ఈమె ఇన్నేళ్ళు నీ పక్కనే ఉంది గదా, ఈమెకి వచ్చిందా?"

"నాకొచ్చింది కోపం ఒక్కటే డాక్టరమ్మా" అనింది రెబెకమ్మ.

డాక్టరమ్మ నవ్వలా. రెండు సీసాలు చేతిలో పెట్టింది. "ఒకటి నల్లగుడ్డుని పెద్దది చేస్తాది, వంకరగా అంటుకోకుండా. కొన్నాళ్ళు మసకగా ఉంటాది, వెలుతురు పడదు, భయపడొద్దు. రెండోది ఊపి పోసుకో, గంటకొక చుక్క. నేను చెప్పినట్టే తగ్గించుకుంటా రా. ఇది కన్నుని తెల్లగా చేస్తాది. తెల్లగా అయింది గదా అని నీ ఇష్టానికి పోసుకుంటా కూర్చున్నావంటే లోపల ప్రెషర్ పెరిగి చూపు తినేస్తాది. నీకుండేది ఈ ఒక్క కన్నే. మళ్ళీ ఎర్రబడుతుంది, ఎర్రబడిన రోజే నా దగ్గరికి రా. పదిహేను రోజులకి చూపించుకో."

ఇనినా. రెండు చెవులతో ఇనినా. చెప్పలేదని ఆమె మీద పెట్టేదానికి లేదు.

మాపటేళకి మా ఊరి రోడ్డు మీద బస్సు దిగినాం. రెబెకమ్మ ఉప్పూ చింతపండూ కొనేదానికి అంగడి కాడ ఆగింది. నేను ముందు నడిచినా. డాక్టరమ్మ పోసిన చుక్క నల్లగుడ్డుని ఇంత పెద్దది చేసి పెట్టింది గదా, పడమటెండ మొహాన కొడతా ఉంటే నాకు దారి లేదు, గోడ లేదు, అంతా తెల్లంగా మంట. గోడ పట్టుకొని ఒక్కో అడుగు యేసుకుంటా పోతా ఉండా.

అది సారా మీద ఆడోళ్ళు తిరగబడిన యేడు. మా ఊళ్ళో పెంచలమ్మ ముందుండి సారా జీపుని ఊళ్ళోకి రానీకుండా చేసింది. రోజూ మాపటేళ పది మంది ఆడోళ్ళతో రోడ్డు మలుపులో చీపుర్లు పెట్టుకొని కూర్చునేది. తూలేవోడు వస్తే నోరు వాసన చూసేది. వాసనొస్తే చీపురు.

"ఎవురది గోడ పట్టుకొని? నిలబడు" అనింది.

నిలబడినా.

"వరప్రసాదమా! నువ్వు కూడానా? ఆ కన్నేంది అట్టుండాది? ఊదు."

ఊదినా.

ఆమె దగ్గరికొచ్చి మళ్ళీ ఊదమనింది. "ఉల్లిపాయ" అనింది. "బజ్జీలు తినొచ్చినాడు. సారా లేదు. ఒసే, దారియ్యండి, ఆయన కన్ను బాలేదు." ఆమే నన్ను చెయ్యి పట్టుకొని ఇంటి దాకా దిగబెట్టి పోయింది.

ఇదంతా డేవిడ్‌రాజు తన అరుగు మీద నుంచి చూసినాడు. ఏం చూసినాడు? వరప్రసాదం గోడ పట్టుకొని నడవడం చూసినాడు, ఎర్రకన్ను చూసినాడు, చీపుర్ల మధ్యలో నిలబడి ఊదడం చూసినాడు. ఉల్లిపాయ ఆయన దాకా రాలా. దిగొచ్చి అడగనూ లేదు.

శనివారం ఒప్పుకోలు కూటంలో లేసినాడు. "మన సహోదరుడొకరు తాగి రోడ్డు మీద స్త్రీల చేతికి చిక్కినారు. పేరు చెప్పను" అని, చెప్పకుండా నా మొహమే చూసినాడు. అరవై మంది తలకాయలు తిప్పినారు.

నేను డాక్టరమ్మ చీటీ తీసి ఇచ్చినా. కళ్ళజోడు పెట్టుకొని, పరీక్ష పేపరు దిద్దినట్టు ముందూ యెనకా చూసినాడు.

"కంటి జబ్బు అని ఉంది. మందుల పేర్లున్నాయి. తాగలేదని ఎక్కడుంది?"

"కంటి డాక్టరు అదెందుకు రాస్తాది?"

"రాయలేదు గదా. అదే నేనూ అంటున్నా."

చూసినారా బుర్ర! ముప్పై ఏళ్ళు దీని చేతికి పిలకాయల్ని అప్పజెప్పింది గవర్నమెంటు.

మర్నాడు పెంచలమ్మకి తెలిసి చర్చి గేటు కాడికి వచ్చింది. "ఆయన నోరు చూసింది నేను. నన్నడగండి" అని అరిచింది. డేవిడ్‌రాజు గేటు లోపల నుంచే చెప్పినాడు: "అమ్మా, మీరు బయటివాళ్ళు. మా సంఘం విషయంలో మీ సాక్ష్యం చెల్లదు." ఆమె ఆయన్ని కింద నుంచి పైకి ఒకసారి చూసి, "ఆయన ఊదింది నా మొగాన, నీ సంఘం మొగాన కాదు" అనేసి పోయింది. ఏడుగురు కమిటీ మెంబర్లు కలిసి కూడా ఆ ఒక్క ఆడదాని ముక్కుకి సరిపోరు.

పాస్టరు జయపాల్ అయ్యగారు మంచోడే. మంచోడంటే, ఎవురు చివర మాట్లాడితే ఆ మాట ఒప్పుకునేవోడు. నేను మాట్లాడితే "అవును, పాపం" అన్నాడు. డేవిడ్‌రాజు మాట్లాడితే "అవును, క్రమశిక్షణ" అన్నాడు. చివర మాట్లాడింది డేవిడ్‌రాజే.

తీర్మానం ఏందంటే, మూడు నెలలు నాకు బల్ల లేదు, నీళ్ళ పని లేదు. మూడు నెలలు కళ్ళు తెల్లగా పెట్టుకొని వస్తే చేర్చుకుంటారు. కళ్ళు తెల్లగా! మనిషి తాగినాడో లేదో చూసేదానికి సెక్రటరీ కనిపెట్టిన తూనికరాయి అది. అంతటితో ఆగలా. ఆదివారం ఆదివారం చర్చి వాకిట్లో ఎండకి నన్ను నిలబెట్టి, "పైకి చూడు, కిందికి చూడు" అంటా బొటనయేలితో నా రెప్ప ఎత్తి చూసేవోడు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు. చూసినాక ఆ యేలు జేబుగుడ్డతో తుడుచుకునేవోడు.

నేను నిలబడినా. ఇది కూడా రాయి కృపా, కొట్టెయ్యొద్దు. నేను నిలబడినా.

ఎందుకు నిలబడినానంటే, ఆ వచ్చే ఫిబ్రవరిలో కృపారాణికి బాప్తిస్మం. దాని నాయన్ని, దాని మేనత్తని నేనే నీళ్ళలో నడిపించినా. దీన్ని ఇంకొకడు నడిపిస్తాడా? పెన్నలో గుంత యాడుండాదో తెలియనోడు?

డాక్టరమ్మ మందుకి కన్ను నెల తిరక్కుండా తెల్లబడింది. తెల్లబడింది గదా అని పదిహేను రోజులకి పోవాల్సినోణ్ణి పోలా. రెండో నెలలో ఒక గురువారం పొద్దన కొంచెం ఎర్రజీర కనపడింది. ఎర్రబడిన రోజే రమ్మనింది డాక్టరమ్మ. నేనేం చేసినా? ఆత్మకూరు బస్సెక్కలా. ఉదయగిరిలో మందులషాపుకి పోయి పాత సీసా చూపించి అట్టాంటిదే ఇంకొకటి తెచ్చుకున్నా. ఆదివారానికి కన్ను కడిగిన గవ్వ మాదిరి అయింది. డేవిడ్‌రాజు రెప్ప ఎత్తి చూసి, "చూశావా, మానేస్తే ఎంత బాగుందో!" అన్నాడు. నేను లోపల నవ్వుకున్నా. ఎంత పిచ్చోణ్ణి చేసినానురా నిన్ను, అనుకున్నా.

ఆ రోజు నుంచి మానలా. పొద్దన ఒక చుక్క, మాపున ఒక చుక్క. సీసా అయిపోతే ఇంకో సీసా.

రెబెకమ్మ చూస్తానే ఉండాది. "డాక్టరమ్మ వద్దనింది గదయ్యా."

"ఈ ఆదివారం దాటనీయే."

"దాటితే?"

"దాటితే మానేస్తా."

ఆదివారం దాటితే ఇంకో ఆదివారం వస్తాది గదా. మూడు నెలలైనాయి, నన్ను బల్లకి చేర్చుకున్నారు. అప్పుడన్నా మానాల్సింది. ఎర్రబడితే మళ్ళీ తీసేస్తారు, ఫిబ్రవరి పోతాది అని పోసుకుంటానే ఉండా. మొత్తం ఎనిమిది నెలలు.

ఈ మధ్యలో గడప తగిలి పడినా. నీళ్ళబిందె తన్నినా. మేక అడ్డమొస్తే దాని మీదే పడబోయినా. ఎదురుగా ఉండేది బాగానే కనపడతా ఉండాది, ఆకు మీద చీమ కూడా కనపడతాది. పక్కనుండేదే కనపడలా. వయసనుకున్నా.

ఫిబ్రవరిలో లారీ మాట్లాడుకొని సంగం పోయినాం. పెన్నలో నీళ్ళు సల్లగా, తేటగా ఉండాయి. నేను ముందు దిగినా. నా కాళ్ళకి యేం రోగం లేదు, నేల చెప్పినట్టు ఇంటాయి. గట్టి చోటు దొరికింది. అయ్యగారిని నిలబెట్టినా. పదకొండు మందిని ఒక్కొక్కరినే నడిపించినా. వాళ్ళంతా గట్టు మీద నుంచి ఎదురుగా దిగి వచ్చినారు గాబట్టి కనపడినారు.

పన్నెండోది కృపారాణి. "కృపారాణి" అని అయ్యగారు పిలిచినాడు. నేను గట్టు కల్లా చూసినా. లేదు.

"అమ్మి ఏది?" అన్నా. "ఇంకా దిగలేదా?"

గట్టు మీద ఉండే రెబెకమ్మ కల్లా చూసినా.

"ఏమే రెబెకా, అమ్మి యాడికి పోయింది? నీళ్ళకి భయపడిందా?"

అప్పుడు నా మోచెయ్యి కాడ నుంచి, ఇదో ఇంత దగ్గర నుంచి, "తాతా, నీ పక్కనే ఉండా" అనింది. తెల్లకోక కట్టుకొని, నడుంలోతు నీళ్ళలో, అప్పుడే దిగొచ్చి నా కుడిపక్కన నిలబడుండాది. నేను తలకాయ తిప్పిందాకా నాకు లేదు ఆ పిల్ల.

గట్టు మీద డేవిడ్‌రాజు మాట తేటగా ఇనిపించింది. "మళ్ళీ మొదలుపెట్టినట్టుండాడే!" నలుగురు నవ్వినారు.

నేను దాని చెయ్యి పట్టుకున్నా. అది ఎప్పటికన్నా గట్టిగా పట్టుకునింది. మేం నడిచినాం. ఎవురు ఎవుర్ని నడిపించినారో నాకు తెలుసు, దానికి తెలుసు.

మర్నాడు పొద్దన బస్సుకే రెబెకమ్మ నన్ను ఆత్మకూరు తీసుకుపోయింది. ఒక్క మాట తిట్టలా. దానికే భయమేసింది నాకు.

డాక్టరమ్మ నన్ను పండబెట్టి, కంట్లో తిమ్మిరి మందు పోసి, చిన్న బరువేదో కంటి మీద ఆనించి కొలిచింది. మళ్ళీ కొలిచింది. లైటు యేసి లోపల చాలాసేపు చూసింది. కుర్చీ యెనక్కి జరిపింది.

"ఎన్నాళ్ళు పోసినావు తాతా?"

"ఎనిమిది నెలలు."

"ఎవరు పొయ్యమన్నారు?"

"ఎవురూ లేదు."

"నేను వద్దని చెప్పినానా లేదా?"

"చెప్పినావు."

"మరి ఎందుకు?"

చెప్పినా. డేవిడ్‌రాజు, రెప్ప ఎత్తడం, ఎండలో నిలబెట్టడం, అంతా చెప్పినా. ఆమె మొహంలో నా మీద జాలి కనపడితే బాగుండేది. కోపం కనపడింది.

"ఆయనంటే నీకు గౌరవమా?"

"వాడంటేనా? చెప్పు కింద మట్టికుండే గౌరవం కూడా లేదు."

"గౌరవం లేనోడికి చూపించేదానికి కన్ను పాడుచేసుకున్నావా!" అనింది.

నా అరవై ఎనిమిదేళ్ళలో నన్ను చాలామంది చాలా తిట్టినారు. కుష్టోడన్నారు, తాగుబోతన్నారు. ఒకటీ అంటలా. ఈ మాట అంటింది. వాణ్ణి పిచ్చోణ్ణి చేస్తా ఉండానని నవ్వుకుంటా నేను ఎనిమిది నెలలు రోజుకి రెండు తూర్లు నా చేత్తో నేనే నా కంట్లో పోసుకున్నా. డేవిడ్‌రాజు చేసింది రెప్ప ఎత్తడమే. మిగతాదంతా నేనే చేసుకున్నా. వాడి కంటే పెద్ద యెధవ ఈ ఊళ్ళో ఒకడుండాడని నాకు ఆ గదిలో తెలిసింది.

పక్కచూపు పోయిందంట, అది తిరిగి రాదంట. మధ్యలో ఉండేదాన్ని కాపాడుకోవాలంట. ప్రెషర్‌కి వేరే చుక్కలు ఇచ్చింది. పాతదాన్ని మెల్లమెల్లగా మానిపించింది. "ఇది మానితే ఎర్రబడొచ్చు. ఎర్రబడనీ. ఆ రోజే రా. ఊళ్ళో ఎవడేమనుకున్నా నాకు అనవసరం, నీకూ అనవసరం" అనింది.

పోయిన బుధవారం ఎర్రబడింది. ఆ రోజే పోయినా. ఈసారి ప్రెషర్ పెంచని మందు తక్కువ రోజులకి ఇచ్చింది, వారానికొకసారి కొలుస్తానని చెప్పింది. ఆదివారం నేను ఎర్రకన్నుతోనే చర్చికి వచ్చినా. వాకిట్లో డేవిడ్‌రాజు బొటనయేలు లేపినాడు. నేను ఆ చెయ్యి పట్టుకొని కిందికి దించినా. గట్టిగా ఏం కాదు, రాయి దించినట్టు దించినా. దానికే మళ్ళీ బల్ల ఆపి ఈ కాగితం అడిగినాడు.

కాబట్టి నా ఒప్పుకోలు రాయి కృపా. నేను సారా తాగలా. ఎప్పుడూ తాగలా. నా తప్పు అది కాదు. లెక్కలోకి రానోడి కంటికి మంచోడిగా కనపడాలని నాకుండే ఒక్క కన్ను వాడికి అప్పజెప్పినా. అది తప్పు. ఒప్పుకుంటా ఉండా. ఇంక చెయ్యను.

ఈ ఆదివారం కూడా వస్తా. ముందు బెంచీలో కూర్చుంటా. కన్ను ఎట్టుంటే అట్టే వస్తా. రొట్టె తట్ట నన్ను దాటించి పోతే పోనీ, నేను లేసి పోను. నా రెప్ప ఎత్తి చూడాలని ఎవురికన్నా ఉంటే పెంచలమ్మని పిలిపించండి, ఆమె చూస్తాది. ఇంకెవురు యేలు పెట్టినా ఊరుకోను. నీళ్ళలోకి మాత్రం వేరే మనిషిని చూసుకోండి. గట్టినేల యాడుండాదో వచ్చి అడిగితే నేర్పిస్తా, అడిగినోడు డేవిడ్‌రాజు అయినా సరే. గుంతలో పడాల్సింది పిలకాయలు కాదు గదా.

అయిపోయింది. యేలిముద్ర యాడ యెయ్యాల? ఆ పక్కన పెడితే నాకేం తెలుస్తాది అమ్మీ. ఇటు తీసుకురా. ఇంకా ఇటు. నా ముక్కుకి ఎదురుగా పెట్టు. ఆఁ, ఇప్పుడు కనపడతా ఉండాది.